"స్లిదర్" అంటే జరజరా పాకడమని మా పిల్లకి ఎవరు చెప్పారు?

అరసవల్లి_అమ్మ
కడుపుమంటతో రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి. మా పెద్దది ఆరో తరగతి. మొన్న యూనిట్ టెస్టు ఇంగ్లీషు పేపర్లో ఒక బిట్టు ఇచ్చారు. పైన డబ్బాలో పది క్రియలు, కింద పది ఖాళీలు. పాము పొదలోకి ఏం చేసింది, బాతు చెరువు వైపు ఏం చేసింది, అలిసిపోయిన రైతు బురదలో ఏం చేశాడు, గద్ద కోడిపిల్ల మీదకి ఏం చేసింది, ఇలాంటివి. పదికి పది రాసింది. టీచరు గారు ఆ బిట్టు మొత్తానికి సున్నా చుట్టి, పక్కన ఎర్ర సిరాతో "చూసి రాసింది" అని పెట్టారు. ఎందుకంటే పేపర్లు ఇచ్చిన రోజు నిలబెట్టి, స్లిదర్ అంటే ఏంటి, ట్రడ్జ్ అంటే ఏంటి అని అడిగితే ఇది బిక్కమొహం వేసిందట. అర్థాలు తెలియకుండా పదీ ఎలా రాస్తావు అని.

ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఏడుపు తగ్గాక అడిగాను. "ఎలా రాశావే?" "వింటే తెలిసిపోయిందమ్మా" అంది. పాముకి స్లిదర్ ఎందుకు పెట్టావంటే, "స్లి అంటుంటేనే జారిపోతోంది కదా, జరజరా" అని నోటితో చూపించింది. బాతుకి వాడిల్ ఎందుకంటే లేచి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, వా-డిల్, వా-డిల్ అంటూ వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. నవ్వాపుకోలేక పోపు మాడ్చుకున్నాను.

ఇది నిజంగా జరిగే పనేనా? స్కూలుకెళ్ళి ఈ మాట చెబితే నన్ను కూడా నిలబెడతారేమో.

బేగి_రా_బావు
గద్దకేటి రాసిందమ్మా?

అరసవల్లి_అమ్మ
స్వూప్. "పైనుంచి స్వూ... అని వచ్చి, ప్ అని పట్టీసింది" అట. ఆ "ప్" దగ్గర నా జడ పట్టుకుని లాగింది కూడా.

బేగి_రా_బావు
పదికి పన్నెండెయ్యాల.

కోట_కూడలి
పాపని తప్పు పట్టడం లేదు, ముందే చెబుతున్నా. కానీ డబ్బాలో పది మాటలుంటే నాలుగైనా తెలిసినవి ఉంటాయి. అవి పోగా మిగిలినవాటిని కథ చూసి సర్దేయొచ్చు. దీనికి ధ్వని మహిమ అక్కర్లేదు. ఇంకోటి, స్ల అంటే జారడం అయితే స్లీప్, స్లేట్, స్లీవ్, స్లైస్ ఎక్కడ జారుతున్నాయి? స్లాప్, స్లామ్, స్లాష్ అయితే కొడుతున్నాయి. ఏరుకోవాలనుకుంటే ఏ అక్షరం కిందైనా పది మాటలు పోగెయ్యొచ్చు.

అరసవల్లి_అమ్మ
కోట_కూడలి గారూ, అడిగాను. ముందే తెలిసినవి మూడే. హాప్, రోల్, ఫ్లై. మిగతా ఏడూ ఇదివరకు వినలేదంది. ఏడూ తప్పు లేకుండా సర్దేయడం అంత తేలికా?

కోట_కూడలి
తేలిక కాదు. ఒప్పుకుంటా. కానీ గుడ్డిగా వెయ్యలేదు కదా, రైతు "అలిసిపోయిన" అని పేపర్లోనే ఉంది.

బేగి_రా_బావు
స్లీపు జారదంటావేటి? మా మామ కుర్చీలో కూకుంటే పది నిమిషాల్లో నేల మీదుంటాడు.

రిటైర్డ్_మేస్టారు
నరసన్నపేట చుట్టుపక్కల ముప్పై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు రాయబోయేది మాత్రం రిటైరయ్యాక, తీరిగ్గా నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది. ఆ రోజుల్లో తెలిసుంటే ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టకుండా ఉండేవాణ్ణో.

స్లిదర్ పాము బుసని చూసి పుట్టిన మాట కాదు. పాత ఇంగ్లీషులో జారడానికి స్లీడన్ అనేవారు, ఇప్పటి స్లైడ్ అదే. దానికి "అదే పనిగా" అనే అర్థమిచ్చే తోక తగిలిస్తే స్లిడ్రియన్ అయింది. తర్వాత ఆ డకారం మెత్తబడింది. ఫాదర్, మదర్ మాటల్లోనూ ఒకప్పుడు డకారమే ఉండేది, అవి ఎలా మారాయో ఇదీ అలాగే. అంటే స్లైడ్ జారడం, స్లిదర్ జారుతూ జారుతూ పోవడం.

ఇప్పుడు మన మాట చూడండి. పాచి పట్టిన మెట్టు మీద కాలు జర్రున జారింది. పాము జరజరా పాకింది. జర్రున ఒక్కసారి, జరజరా ఆగకుండా. బొంగరాన్ని గిర్రున తిప్పి వదిలితే అది గిరగిరా తిరుగుతుంది. మనం మాటనే రెండుసార్లు అంటాం, ఆమ్రేడితం అన్నమాట. వాళ్ళు ఒకసారే అని వెనక తోక తగిలిస్తారు. ఆ తోకలు ముఖ్యంగా రెండు, "ఎర్" ఒకటి, "ల్" ఒకటి. స్పార్క్ తళుక్కు, స్పార్కిల్ తళతళ. క్రాక్ ఫటుక్కు, క్రాకిల్ ఫటఫట. నీళ్ళలో అడుగులేస్తూ పోవడం వేడ్, దానికి తోక తగిలిస్తే వాడిల్. మీ పాప వంటింట్లో నడిచి చూపించింది దాన్నే.

జర్రు, జరజర తేడా తెలిసిన చెవికి స్లైడ్, స్లిదర్ తేడా అందదా? పాప చూసి రాయలేదు. విని రాసింది.

అరసవల్లి_అమ్మ
మేస్టారూ, ఇది కాగితం మీద రాసుకుంటున్నాను. స్కూలుకి పట్టుకెళ్తాను.

కోట_కూడలి
మేస్టారు గారు చెప్పింది నా పక్షానికే పనికొస్తుంది, గమనించండి. తోక తగిలించడం వ్యాకరణం. అందులో చెవికి సంబంధించిన మాయ ఏముంది? మొదటి అక్షరాల సంగతీ అంతే. ఫ్లో, ఫ్లై, ఫ్లీట్, ఫ్లోట్ అన్నీ కదిలేవే, నిజమే. ఎందుకంటే అన్నీ ఒకే మూలం నుంచి వచ్చిన దాయాదులు. సంస్కృతంలో ఆ మూలం "ప్లు". తేలడం, ఈదడం, దూకడం. ప్లవ అంటే తెప్ప, ప్లవంగం అంటే కోతి. 2021 ఉగాదికి మనం చెప్పుకున్న ప్లవ నామ సంవత్సరం కూడా ఆ ఇంటిదే. సంస్కృతంలో ప ఉన్నచోట ఇంగ్లీషులో ఫ వస్తుంది, పితృ అంటే ఫాదర్, పాద అంటే ఫుట్. అన్నదమ్ముల ముక్కులు ఒకేలా ఉంటే ముక్కు ఆకారంలో అర్థం ఉందనం కదా.

రిటైర్డ్_మేస్టారు
బాగా చెప్పారు, కాదనను. కానీ ఫ్లిప్, ఫ్లిక్, ఫ్లాప్, ఫ్లాప్‌కి తమ్ముడు ఫ్లాప్... ఉండండి, తెలుగులో రాస్తే రెండూ ఒకేలా పడుతున్నాయి. ఒకటి రెక్క కొట్టుకోవడం, ఇంకోటి కుదేలవడం. ఇవేవీ ఆ ప్లు ఇంటివి కావు. తర్వాత్తర్వాత ధ్వని పోలికతో పుట్టినవి. పుట్టి నేరుగా ఆ గుంపులోకే ఎందుకెళ్ళి చేరాయి?

బేగి_రా_బావు
ఇల్లరికం అల్లుళ్ళు మేస్టారూ. ఇంటిపేరు మార్చకపోయినా మావగారి పోలికలు వొచ్చీస్తాయి.

రిటైర్డ్_మేస్టారు
నవ్వులాటకి అన్నారు గానీ విషయం అదే. ఇలా ఒక గుంపు మాటలన్నిట్లో ఒకే రకం అర్థం తెచ్చే ధ్వనికి ఫోనెస్థీమ్ అని 1930లో పేరు పెట్టినవాడు ఫర్త్ అనే ఆయన. దానికి ముందు చాలా ఏళ్ళు లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరు.

బేగి_రా_బావు
లాహోరు కాకుండా ఆమదాలవలసలో దిగుంటే ఇంకా బేగి కనిపెట్టీవోడు.

పొందూరు_పోగు
మాది నూలు వడికే ఇల్లు, ఇంగ్లీషు ఇల్లు కాదు. అయినా ఒక్క మాట చెప్పాలనిపించింది. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది. చిన్న చిన్న పళ్ళుంటాయి దానికి, దువ్వెన ఎందుకూ పనికిరాదు దాని ముందు. ఏకు చేసి, రాట్నం దగ్గర కూర్చుని చివర పట్టుకుంటే పోగు సాగుతుంది. పురి తక్కువైతే పుటుక్కున తెగుతుంది. ఎక్కువైతే మెలికలు పడి తన మీద తనే చుట్టుకుంటుంది. ఒకప్పుడు ఖాదీ చూడ్డానికి వచ్చిన విదేశీ ఆవిడ ఆ మెలికని వేలితో ముట్టుకుని ట్విస్ట్ అంది. నాకు అప్పుడు ఇంటర్. అర్థం తెలుసు గానీ, ఆవిడ నోట్లోంచి వచ్చినప్పుడు మాట కూడా మెలిక తిరిగినట్టే వినిపించింది. ట్వర్ల్, ట్విస్ట్, ట్వైన్ అన్నీ తిరిగేవే కదా? దాన్ని కూడా మూలం, దాయాదులు అంటారా?

కోట_కూడలి
అంటాను, సారీ. ట్విస్ట్, ట్వైన్, ట్విన్, ట్వైస్ అన్నిట్లో ఉన్నది టూ. రెండు పోగులు కలిపి పేనితే ట్వైన్. అది లెక్క, ధ్వని కాదు.

పొందూరు_పోగు
ట్వర్ల్‌లో రెండేమున్నాయి? రాట్నం ఒక్కటే తిరుగుతుంది.

కోట_కూడలి
ట్వర్ల్... సరే, అది ట్విస్ట్, వర్ల్ కలిసి పుట్టి ఉండొచ్చు అంటారు.

పొందూరు_పోగు
చూశారా. రెండు మాటలు పేని ఒకటి చేశారు. మా పనే అది.

బేగి_రా_బావు
కోట గుమ్మం కూలింది!

కోట_కూడలి
ఇంకా కూలలేదు. స్వర్ల్, వర్ల్, ట్వర్ల్ అన్నీ గిరగిర అంటున్నారు కదా, మరి గర్ల్?

బేగి_రా_బావు
మా చెల్లి తిరిగినంత ఆ మూడూ తిరగవు బావూ.

టెక్కలి_టు_టోక్యో
రెండేళ్ళు జపాన్‌లో ఉన్నాను, ఉద్యోగం మీద. అక్కడ ఇలాంటి మాటలు సిగ్గుపడకుండా పత్రికల్లో, ఆఫీసుల్లో, డాక్టరు దగ్గర కూడా వాడతారు. చిన్న గులకరాయి దొర్లితే కొరొకొరొ, బండరాయి దొర్లితే గొరొగొరొ. క తేలిక, గ బరువు. వినగానే నాకు మన టకటక, దడదడ గుర్తొచ్చాయి. హీలు చెప్పులు టకటక, బూట్లు దబదబ. టకారం తేలిక, దకారం బరువు. ఇంగ్లీషులో అంత చక్కగా జంటలు కనపడవు గానీ అచ్చులో ఉంది. డ్రిప్ చిన్న బొట్టు, డ్రాప్ దానికన్నా పెద్దది. టిక్ టాక్, జిగ్ జాగ్, ఫ్లిప్ ఫ్లాప్. ఎప్పుడూ ఇ ముందు, ఆ వెనక. టాక్ టిక్ అనరు.

డీఎస్సీ_అప్ప
మనమూ పటచిట అనం, చిటపట అంటాం. మకతిక అనం, తికమక అంటాం. భలే ఉందే ఇది, ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు.

బేగి_రా_బావు
పాము గీము, స్లిదర్ గిలిదర్.

కోట_కూడలి
ఈ వాదం ప్లేటో నాటిది, మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. క్రాటిలస్ అనే సంభాషణలో సోక్రటీసు అంటాడు, ర పలికేటప్పుడు నాలుక అన్నిటికన్నా ఎక్కువ ఆడుతుంది, అందుకే కదలిక మాటల్లో ర పెట్టారని. ల జారుడుకి, నునుపుకి అని. అక్కడితో ఆగకుండా తన మాటకి తనే అడ్డం వేస్తాడు. గట్టిదనం అని అర్థమొచ్చే గ్రీకు మాటలో ల ఉందేమిటి మరి, అని. కాబట్టి నా స్లేట్, స్లీవ్ వాదన కూడా పాతదే.

రిటైర్డ్_మేస్టారు
మన ర చూడండి. గిర్రున, జర్రున, తుర్రున, సర్రున, బర్రున, చర్రున. పిట్ట తుర్రుమంది, కోపం సర్రున లేచింది, చాప బర్రున ఈడ్చాడు. సోక్రటీసుకి తెలుగొచ్చుంటే సంబరపడేవాడు.

కోట_కూడలి
ఇంగ్లీషు వాళ్ళ ర కి నాలుక అసలు ఆడదు మేస్టారూ. వర్ల్ అని ఇంగ్లాండు వాడితో అనిపించండి, ర మింగేస్తాడు.

రిటైర్డ్_మేస్టారు
ఇప్పుడు మింగుతున్నాడు. 1653లో వాలిస్ ఇంగ్లీషు వ్యాకరణం రాసినప్పుడు మింగేవాడు కాదు. ఆయన అసలు లెక్కల మనిషి, అనంతానికి పడుకున్న ఎనిమిది గుర్తు పెట్టింది ఆయనే. ఆ వ్యాకరణంలో ఇలాంటి గుంపులన్నీ పోగేశాడు. రిస్ట్, రెంచ్, బట్టలు పిండే రింగ్ లాంటి మాటల ముందు ఇప్పుడు పలకని డబ్ల్యూ ఉంది చూడండి, అవన్నీ వంకర, మెలిక అన్నాడు. స్వ తో మొదలయ్యేవి చప్పుడు లేని కదలిక, లేదా పక్కకి మెత్తగా ఊగడం అన్నాడు.

కోట_కూడలి
చప్పుడు లేకుండా పక్కకి మెత్తగా ఊగడం... ఇది చదవగానే సిరిమాను కళ్ళ ముందు కదిలింది, అబద్ధం ఎందుకు. మాది విజయనగరం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. కింద జనం గోల గోల. పైన ఆ మాను చివర పూజారి కూర్చున్న చోట మాత్రం ఏ చప్పుడూ ఉండదు. బండి ఆగినప్పుడు మాను కొస మెల్లగా ఇటు, మళ్ళీ మెల్లగా అటు. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన స్నేహితుడికి ఇంగ్లీషులో వివరిస్తూ స్వింగ్ అవుతుంది అన్నాను. వాడు పైకి చూసి, "ఇది స్వింగ్ కాదురా, స్వే" అన్నాడు. స్వింగ్ అంటే ఉయ్యాల, ఊపు ఉంటుంది. స్వే అంటే గాలికి చెరుకు తోట.

డీఎస్సీ_అప్ప
మరి ఇంకేం కావాలి మీకు?

కోట_కూడలి
చెరుకు తోట తెలిసినవాడికి స్వే తెలుస్తుంది. మాట విన్నందుకు కాదు, తోట చూసినందుకు. నా పట్టు అదే.

సముద్రం_ఒడ్డు
మాది బారువ సైడు. నాను పెద్దగా సదువుకోనేదు, మా తమ్ముడు ఈ పేజీ సూపించినాడు. 2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను రాత్రి. మా పెరట్లో కొబ్బరి చెట్లు ముందు ఊగినాయి. అలగ ఊగడం ఎప్పుడూ సూసేదే. తెల్లారగట్ట గాలి తిరిగింది. చెట్టు ఊగడం మానీసి తల గిర్రున తిప్పింది, జుట్టు పట్టుకుని ఎవలో మెలిపెట్టినట్టు. అప్పుడు పటుక్కున ఇరిగింది. ఒకటి తర్వాత ఒకటి పటుకు పటుకు పటుకు. తర్వాత నష్టం రాసుకోడానికి ఒక సారు ఇంగ్లీషు పేపరోలని తీసుకొచ్చినాడు. నాను సెప్పింది ఆ సారు ఇంగ్లీషులో సెప్తుంటే ఇన్నాను. స్వే, ట్విస్ట్, స్నాప్ అన్నాడు. మూడు మాటలు. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఏ మాట ఏ చెట్టు పనికో తెలిసిపోనాది.

పొందూరు_పోగు
ఒళ్ళు జలదరించింది చదువుతుంటే.

కోట_కూడలి
దీనికి నా దగ్గర జవాబు లేదు. మీరు చెప్పిన వరసలోనే ఆ సారూ చెప్పారు, కాబట్టి పోల్చుకోగలిగారు అనొచ్చు. అనను.

బేగి_రా_బావు
స్నాపు అంటే గుర్తొచ్చింది. స్న తో మొదలయ్యేవి ముక్కు మాటలని ఎక్కడో సదివినాను. స్నోర్, స్నీజ్, స్నిఫ్, స్నౌట్. మరి స్నేకు? పాము ముక్కుతో పాకుతాదేటి?

రిటైర్డ్_మేస్టారు
స్నేక్ అసలు అర్థం పాకేది అనే. ముక్కుకీ దానికీ సంబంధం లేదు. ఒక గుమ్మంలో రెండు కుటుంబాలు కాపురం ఉండొచ్చు. కోట_కూడలి గారు మొదట్లో అన్న స్లాప్, స్లామ్ కూడా అంతే, పక్క వాటాలోవాళ్ళు.

డీఎస్సీ_అప్ప
సరే, మాటలెందుకని నిన్న సాయంత్రం మా ట్యూషన్ పిల్లల మీద చేసి చూశాను. తొమ్మిది మంది, ఐదూ ఆరూ క్లాసులు. కోట_కూడలి గారి మాట మీద డబ్బా ఇవ్వలేదు, వాక్యాలు ఇవ్వలేదు. మాట చదువుతాను, నోరు మూసుకుని చేత్తోనో కాలితోనో చూపించండి అన్నాను.

ఫ్లిట్ అంటే దాదాపు అందరూ వేళ్ళు చకచకా ఆడించారు. వాబుల్ అంటే బల్లలతో సహా ఊగారు. ట్రడ్జ్ అంటే ఎక్కువమంది బరువుగా అడుగులేశారు, ఒకడు మాత్రం స్టీరింగ్ తిప్పాడు, వాడికి ట్రక్కు వినపడిందట. స్లిదర్ కి ఇద్దరు కాళ్ళకేసి చూపించారు. స్లిప్పర్!

అసలు సంగతి ఇప్పుడు. ఆంబుల్ అన్నాను. అంటే తీరిగ్గా నడవడం. అందరూ మళ్ళీ ఊగిపోయారు, ఒకడు కింద కూడా పడ్డాడు. టంబుల్, స్టంబుల్ లాగా వినపడింది కదా. మార్చ్ అన్నాను, తెలిసినవాడు సెల్యూట్ కొట్టాడు, తెలియనివాళ్ళు నన్నే చూశారు. అడ్వాన్స్ అంటే ఒక పిల్ల డబ్బులు లెక్కపెట్టింది.

రిటైర్డ్_మేస్టారు
బంగారం లాంటి పని చేశావమ్మా. ఆంబుల్ లాటిన్ నుంచి, ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. చివర ఉన్నది తోక కాదు, తోకలా కనపడే ఒళ్ళు. అడ్వాన్స్, ప్రొసీడ్ లాంటివీ ఆ దారిన వచ్చినవే. ఈ చెవి లెక్క ఇంగ్లీషు సొంత మాటల దగ్గర, వాటి పక్కన మొలిచిన వాటి దగ్గర బాగా పని చేస్తుంది. దర్బారు భాష దగ్గర చెయ్యదు.

కోట_కూడలి
ఇదిగో ఈ పరీక్షని నేను ఒప్పుకుంటా, ఎందుకంటే తప్పులు కూడా రాశారు. తప్పులు ఒకే వైపు పడ్డాయి చూశారా, ఆంబుల్ కి అందరూ ఊగారు. అంటే పిల్లలు గుడ్డిగా వెయ్యడం లేదు, ఏదో వింటున్నారు. అది ఒక్కోసారి మోసం చేస్తోంది, అంతే.

టెక్కలి_టు_టోక్యో
బెర్గెన్ అనే ఆయన 2004లో పెద్దవాళ్ళ మీద చేసినది కూడా ఉంది. గ్ల తో మొదలయ్యే మెరుపు మాటలు, గ్లిటర్, గ్లో లాంటివి. ఒకటి చూపించి వెంటనే రెండోది చూపిస్తే జనం బేగి గుర్తుపట్టారు. ఒట్టి అక్షరాలు కలిసిన జంటలకీ, ఒట్టి అర్థం కలిసిన జంటలకీ అంత బేగి రాలేదు. అర్థం, అక్షరం రెండూ కలిసిన గుంపు బుర్రలో ఎక్కడో ఒక గూట్లో ఉందన్నమాట.

ముత్యాల_రాత
చర్చ బాగుంది. కానీ కొందరు బేగి, ఏటి, వొచ్చీసింది అని రాయడం చదవడానికి ఇబ్బందిగా ఉంది. అందరికీ అర్థమయ్యే మంచి తెలుగు రాస్తే బాగుంటుంది.

బేగి_రా_బావు
గిడుగు వారి జిల్లాలో కూకుని మాట్లాడుతున్నాం తల్లీ. పర్వతాలపేట ఇక్కడికి ఎంతో దూరం నేదు.

డీఎస్సీ_అప్ప
బేగి అనే మాటలోనే ఉంది బేగి. "త్వరగా" అనేసరికి ఆలస్యమైపోతుంది.

సీతంపేట_కొండ
ఏజెన్సీ బడిలో చెబుతాను. మా పిల్లల ఇళ్ళల్లో సవర, బళ్ళో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ట్రడ్జ్ కి తెలుగు అర్థం చెప్పి లాభం లేదు, ఆ తెలుగుకి మళ్ళీ అర్థం చెప్పాలి. వారపు సంత నుంచి బరువు నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కే నడక చూపించమంటాను. ఒక పిల్ల వచ్చి రెండడుగులు వేసింది. మోకాలు ముందుకి, నడుం కొంచెం వంగి, పాదం మొత్తం నేలకి ఆన్చి, ఆగి, మళ్ళీ. అప్పుడు బోర్డు మీద ట్రడ్జ్ రాస్తే "ట్ర" దగ్గర ఎక్కడం, "డ్జ్" దగ్గర పాదం దిగడం అని వాళ్ళే కనిపెట్టారు. ముందు నడక, తర్వాత మాట. కోట_కూడలి గారి చెరుకు తోట వాదనే నాదీ. కానీ ఒకసారి నడక, మాట కలిశాక ఇక విడదియ్యలేం.

అరసవల్లి_అమ్మ
అందరికీ ఒకేసారి జవాబు. ఇవాళ వెళ్ళాను. మేస్టారు గారు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకెళ్ళాను గానీ, టీచరమ్మని చూడగానే చెయ్యి వణికి స్లీడన్, స్లిడ్రియన్ కలిపి ఏదో అనేశాను. ఆవిడ చాలాసేపు నన్నే చూశారు. చివరికి, "సరే, పాపని పిలవండి, ఇక్కడే అడుగుతాను" అన్నారు.

నాలుగు మాటలు అడిగారు. ట్వర్ల్ అంటే ఇది లేచి గిర్రున తిరిగింది, పావడా గొడుగులా విచ్చుకుంది. ఒప్పు. హాబుల్ అంటే కుంటుతూ రెండడుగులు వేసింది. ఆవిడ కొంచెం ముందుకి వంగారు. గ్లైడ్ అన్నారు, అంటే నున్నగా జారుతూ పోవడం. ఇది ఆలోచించి, "మెరవడం" అంది.

టెక్కలి_టు_టోక్యో
అయ్యో! గ్ల!

అరసవల్లి_అమ్మ
మరే. మీరు రాసింది మొన్నే చదివి ఉండటం వల్ల నాకు నవ్వొచ్చింది, ఆవిడకి అర్థం కాలేదు. నాలుగోది స్ట్రోల్, అంటే షికారు నడక. దానికి, "స్ట్రా వేసుకుని తాగడం" అంది.

ఆవిడ కూడా నవ్వేశారు ఇక. ఎర్ర సిరా మాట కొట్టేసి, పదికి ఏడు వేశారు. మిగతా మూడు ఎందుకు తగ్గించారని అడగబోయాను, మళ్ళీ నోరు మూసుకున్నాను. వచ్చేస్తుంటే ఆవిడే పిలిచి, "మరి వాక్ అంటే ఏం వినిపిస్తుంది నీకు?" అని అడిగారు.

"ఏమీ వినిపించదు మేడమ్. అది ఒట్టి నడక" అంది ఇది.

కోట_కూడలి
ఏడు న్యాయమే. ఆ మూడూ నా వాటా అనుకుంటా.

రిటైర్డ్_మేస్టారు
వాక్ కూడా ఒకప్పుడు ఒట్టి నడక కాదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి దొర్లడం, అలల్లో అటూ ఇటూ కొట్టుకోవడం అని అర్థం. నడక అర్థం తర్వాత వచ్చింది.

బేగి_రా_బావు
అయితే పండక్కి మా బావ సంత నుంచి ఇంటికొచ్చీది పాత ఇంగ్లీషులో అన్నమాట.